కలర్ టోనర్ లెక్క ఎందుకు తేలదు?

చిన్న కలర్ లేజర్ ప్రింటర్ కొన్నవాళ్లకు మొదటి షాక్ కొన్న రోజున తగలదు. కొన్ని నెలలు పోయాక పసుపు రంగు అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చినప్పుడు తగులుతుంది. కొత్త టోనర్ ధర అడిగితే ఒక్కో రంగుకూ వేలల్లో చెబుతారు. నలుపు, పసుపు, నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, ఈ నాలుగు రంగులూ కలిపితే ప్రింటర్ కొన్న ధరకు దగ్గరగా వస్తుంది, కొన్ని మోడళ్లలో దాన్ని దాటిపోతుంది కూడా.

ఇన్నాళ్లూ బ్లాక్ ప్రింటర్ వాడినవాళ్లకు ఇది అస్సలు మింగుడుపడదు. తిరుపతిలో బాలాజీ కాలనీ నుంచి యూనివర్సిటీ వైపు నడిచినా, బస్టాండు చుట్టూ తిరిగినా జిరాక్స్ షాపులకు కొదవ లేదు. బ్లాక్ కాట్రిడ్జ్ తీసుకెళ్తే కాసేపట్లో నింపి, నాలుగు పేజీలు తీసి చూపించి చేతిలో పెడతారు. కొన్ని వందల్లో పని అయిపోతుంది. కలర్ కాట్రిడ్జ్ చూపిస్తే మాత్రం ఆ కుర్రాడి ముఖం మారిపోతుంది. "చిప్ కూడా మార్చాలన్నా, కలర్ సరిగ్గా వస్తుందని గ్యారంటీ ఇయ్యలేను" అంటాడు. పొడికి పొడే కదా, మరి ఎందుకింత తేడా?

అతను చెప్పేది నిజమే. కాకపోతే అందులో సగమే పొడి గురించి. మిగతా సగం వ్యాపారం గురించి, మనం ప్రింటర్‌ను వాడే తీరు గురించి.

ముందు పొడి సంగతి చూద్దాం. టోనర్ అంటే రంగు పూసిన మట్టి కాదు, సన్నగా చేసిన ప్లాస్టిక్. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది. అందులో రంగు పదార్థం, కొంత మైనం, పొడి గడ్డ కట్టకుండా పైన సిలికా ఉంటాయి. ప్రింటర్ లోపల డ్రమ్ అనే గుండ్రటి గొట్టం మీద లేజర్ కాంతితో విద్యుత్ బొమ్మ గీస్తారు. పొడి ఆ బొమ్మకు అంటుకుంటుంది, అక్కడి నుంచి కాగితం మీదికి దిగుతుంది. చివర్లో ఫ్యూజర్ దాన్ని 200 డిగ్రీలకు దగ్గరగా వేడిచేసి కాగితానికి కరిగించి అతికిస్తుంది. చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో తీసిన మొదటి కాపీ నుంచి ఇప్పటిదాకా మూలసూత్రం ఇదే.

బ్లాక్ టోనర్‌కు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. చాలా బ్లాక్ కాట్రిడ్జ్‌లలో పొడితో పాటు ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. దానివల్ల పొడిని అయస్కాంతం ఉన్న రోలర్ తనంతట తాను లాక్కుని డ్రమ్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఐరన్ ఆక్సైడ్ నల్లగానే ఉంటుంది కాబట్టి నలుపుకు వచ్చిన నష్టం లేదు. అదే పసుపులో కలిపితే పసుపు మిగలదు. అందుకే కలర్ టోనర్‌లో అయస్కాంతం సాయం ఉండదు. పొడికి రాపిడితో వచ్చే విద్యుత్ ఆవేశం మీదే అంతా నడవాలి. ఆ ఆవేశం కొంచెం ఎక్కువైతే రంగు వెలిసిపోయినట్టు వస్తుంది, తక్కువైతే ఖాళీ చోట కూడా పలచగా పొగ పట్టినట్టు కనిపిస్తుంది. గాలిలో తేమ కూడా దీన్ని మారుస్తుంది. నవంబర్ వానల్లో మన ఊళ్లో ప్రింట్లు మసకబారితే తప్పంతా మిషన్‌ది కాకపోవచ్చు.

ఇంకో చిక్కు, నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే వేడికి ఒకేలా కరగాలి. ఒక్క రంగు వేరే కంపెనీ పొడి అయితే, దాని కరిగే గుణం వేరైతే, ఆ రంగు గోరుతో గీకితే ఊడిపోతుంది, లేదా ఫ్యూజర్‌కు అంటుకుని తర్వాతి పేజీలన్నీ పాడుచేస్తుంది. బ్లాక్‌లో పొడి కాస్త తేడాగా ఉన్నా అక్షరం నల్లగానే కనిపిస్తుంది. కలర్‌లో అదే తేడా పెళ్లికూతురి ముఖం మీద కనిపిస్తుంది. కాబట్టి కలర్ టోనర్ తయారీ ఖర్చు ఎక్కువే. కానీ ఒక కాట్రిడ్జ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాముల పొడి. ఎంత గొప్ప పొడి అయినా అన్ని గ్రాములకు అన్ని వేలు అవదు.

ఆ వేలు ఎక్కడివో తెలియాలంటే కాట్రిడ్జ్ అనే డబ్బా ఎలా పుట్టిందో చూడాలి. పాత కాలపు కాపీ మిషన్లకు మెకానిక్ తప్పనిసరి. డ్రమ్ మార్చాలన్నా, పొడి పోయాలన్నా, వృథా పొడి ఎత్తిపోయాలన్నా అతనే రావాలి. 1982లో క్యానన్ చిన్న కాపీ మిషన్లు తెచ్చినప్పుడు అరిగిపోయే భాగాలన్నిటినీ, డ్రమ్‌తో సహా, ఒకే డబ్బాలో పెట్టింది. పొడి అయిపోతే డబ్బా మొత్తం మార్చేయడమే. 1984లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ లోపల ఉన్నదీ క్యానన్ ఇంజనే. మెకానిక్ బెడద తప్పింది. కానీ ఆ ఏర్పాటుతోనే కంపెనీకి ఇంకో దారి కూడా తెరుచుకుంది. ప్రింటర్‌ను తక్కువ లాభానికి, అవసరమైతే నష్టానికైనా అమ్మి, ఆ తర్వాత డబ్బాల మీద ఏళ్ల తరబడి రాబట్టుకోవచ్చు. మీరు ఐదు వేలు పోసి కొన్న పసుపు డబ్బాలో పసుపు పొడి ధర, డ్రమ్ ధర ఉన్నట్టే, ప్రింటర్ కొన్నప్పుడు మీరు కట్టని డబ్బులో కొంత వాయిదా కూడా ఉంటుంది.

"అయితే టోనర్ అయిపోయినప్పుడల్లా కొత్త ప్రింటరే కొంటే సరి" అనేవాళ్లకు కంపెనీలు ముందే జవాబు పెట్టాయి. కొత్త ప్రింటర్‌తో వచ్చే డబ్బాలు చాలా మోడళ్లలో స్టార్టర్ డబ్బాలు. పొడి తక్కువ నింపి ఉంటుంది. బయట కొనే డబ్బా ఇచ్చినన్ని పేజీలు అవి ఇవ్వవు.

మరి బ్లాక్‌లో ఈ వ్యాపారం మన దగ్గర ఎందుకు పారలేదు? జిరాక్స్ షాపు నడిపిన ఎవరినైనా అడగండి, హెచ్‌పీ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900 పేర్లు చెబుతారు. రెండింటి లోపలా దాదాపు ఒకే ఇంజన్. ఒకదానికి 12ఏ కాట్రిడ్జ్, ఇంకోదానికి 303. రెండూ 2000 పేజీలవే. వాటికి చిప్ లేదు. పక్కన పిన్నులు తీసి, మిగిలిన పొడి దులిపి, కొత్త పొడి పోసి మూత వేస్తే ప్రింటర్‌కు తేడా తెలియదు. ఒక్కో డబ్బాను డ్రమ్ పాడయ్యేదాకా మళ్లీ మళ్లీ నింపారు, తర్వాత డ్రమ్ కూడా మార్చి ఇంకొన్నాళ్లు లాగారు. ఊరూరా రీఫిల్ చేసేవాళ్లు బతికింది ఆ డబ్బా మీదే. కలర్ రీఫిల్ గురించి మనకున్న ఆశలన్నీ ఆ అలవాటులోంచి వచ్చినవే.

కలర్ ప్రింటర్లు పెరిగే నాటికి డబ్బాకు చిప్ వచ్చి చేరింది. గోరంత ముక్క. ఎన్ని పేజీలు అయ్యాయో, రోలర్ ఎన్ని చుట్లు తిరిగిందో అది లెక్కపెడుతుంది. లెక్క పూర్తయితే లోపల పొడి ఉన్నా అయిపోయిందని చెబుతుంది. పొడి మళ్లీ నింపినా చిప్ పాతదే అయితే ప్రింటర్ నమ్మదు. అందుకే రీఫిల్ ధరలో చిప్ ధర కలుస్తుంది. నాలుగు రంగులకు నాలుగు చిప్‌లు. ఆ చిప్‌లు మోడల్‌కు ఒకటి, కొన్నిసార్లు అమ్మిన దేశాన్ని బట్టి ఒకటి. మన షాపులవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకునే చిప్ ఈ నెల పనిచేసి, ప్రింటర్ ఇంటర్నెట్‌లో అప్‌డేట్ అయ్యాక పనిచేయకపోవచ్చు. 2016 సెప్టెంబర్‌లో హెచ్‌పీ ఇంక్‌జెట్ ప్రింటర్లు కొన్ని ఒక్కసారిగా బయటి కాట్రిడ్జ్‌లను తిరస్కరించడం మొదలుపెట్టాయి. గొడవ పెద్దదయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పి ఆ అడ్డు తీసేసే అప్‌డేట్ ఇచ్చింది. అయినా ఆ పద్ధతి ఆగలేదు.

దీని మీద కోర్టు తీర్పులూ ఉన్నాయి. ప్రింటర్లు చేసే లెక్స్‌మార్క్ కంపెనీ తన ఖాళీ టోనర్ డబ్బాలను కొని, నింపి అమ్మేవాళ్ల మీద పేటెంట్ కేసు వేసింది. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు, డబ్బా ఒకసారి అమ్మేశాక దాని మీద పేటెంట్ హక్కు తీరిపోయినట్టే అని తేల్చింది. తీర్పు బాగానే ఉంది. కానీ నింపుకునే హక్కు ఉందని చెప్పడం వేరు, నింపిన డబ్బాను ప్రింటర్ ఒప్పుకోవడం వేరు. చిప్ పెట్టొద్దని ఆ తీర్పు ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు లెక్క. టోనర్ పెట్టె మీద 1000 పేజీలు అని ఉంటే అవి ఎలాంటి పేజీలో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కలర్ లేజర్ టోనర్ల పేజీల సంఖ్యను ఐఎస్‌ఓ 19798 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొలుస్తారు. ఆ పరీక్ష పేజీల మీద ఒక్కో రంగు సగటున సుమారు 5 శాతం చోటు మాత్రమే తీసుకుంటుంది. ఏ4 కాగితంలో 5 శాతం అంటే ఐదున్నర సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చిన్న చదరం. ఆఫీసు లెటర్‌హెడ్ మీద లోగోకు సరిపోతుంది. మనం తీసేవి అవా?

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు లెక్క సులువు కోసం వేసుకున్నవి, మీ డబ్బా ధర పెట్టి మీరే మార్చుకోండి. ఒక్కో రంగు డబ్బా 6000 రూపాయలు, 1000 పేజీలు. నలుపు కూడా 6000, కానీ 1200 పేజీలు. అంటే 5 శాతం చోటుకు ప్రతి రంగుకూ 6 రూపాయలు, నలుపుకు 5 రూపాయలు. పరీక్ష పేజీ లాంటి పేజీకే 23 రూపాయలు అయింది. ఇప్పుడు పేజీ నిండా శ్రీవారి ఫొటో తీశారనుకోండి. బంగారు ఆభరణాలు, పట్టువస్త్రం, పూలదండలు. పసుపు 50 శాతం, మెజెంటా 40, నీలం 15, నలుపు 10 అనుకుందాం. పసుపుకు 60 రూపాయలు, మెజెంటాకు 48, నీలానికి 18, నలుపుకు 10. మొత్తం 136 రూపాయలు, కాగితం ధర కాకుండా. ఆ ఫొటో స్టూడియోలో కడిగించుకున్నా అంత కాదు.

మన ఊరి ప్రింట్లలో పసుపు, మెజెంటా ముందుగా అయిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ప్రింటర్‌లో ఎరుపు అనే డబ్బా ఉండదు. ఎర్రటి ఎరుపు కావాలంటే పసుపు నిండుగా, దాని మీద మెజెంటా నిండుగా పడాలి. బంగారు రంగు అంటే పసుపు, కొంచెం మెజెంటా. ఒంటి రంగుకూ అవే రెండు. శుభలేఖలు, వ్రతం కరపత్రాలు, దేవుడి పటాలు, అన్నీ ఆ రెండు డబ్బాలనే తాగుతాయి. ఫొటోలో నల్లగా కనిపించే భాగాలు కూడా ఒక్క నలుపుతో రావు. మూలవిరాట్టు శిలా రూపానికి లోతు రావడానికి ప్రింటర్ చాలావరకు నాలుగు రంగులనూ కలిపి వేస్తుంది.

పసుపు గురించి ఇంకో చిన్న సంగతి. కొన్ని కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి పేజీ మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు వేస్తాయి, వాటిలో ప్రింటర్ సీరియల్ నంబర్, తేదీ దాగి ఉంటాయి. 2005లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ జిరాక్స్ కంపెనీ ప్రింటర్ మోడల్ ఒకదాని చుక్కలను విప్పి చూపించింది. దొంగనోట్లు పట్టుకోవడానికి పనికొచ్చే ఏర్పాటు. వాటికి పట్టే పొడి లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి పసుపు అయిపోయిన నేరం ఆ చుక్కల మీద వేయలేం.

పేజీ తీయకుండా పోయే పొడి మాత్రం లెక్కలోకి వస్తుంది. నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి ప్రింటర్ అప్పుడప్పుడు లోపలి బెల్టు మీద రంగు పట్టీలు వేసుకుంటుంది, సెన్సర్‌తో చదువుకుంటుంది, తుడిచి వృథా డబ్బాలోకి తోసేస్తుంది. ఆన్ చేసినప్పుడు, చాలాసేపు ఆగి మళ్లీ లేచినప్పుడు, డబ్బా మార్చినప్పుడు ఈ పని జరగొచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కలర్ ప్రింటర్ గరగరమని చేసే శబ్దం అదే. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే వీధిలో కలర్ లేజర్ పెట్టుకుంటే ఒక్క పేజీ తీయకపోయినా ఖర్చే.

ఒక్కో పేజీగా తీయడం కూడా ఇలాంటిదే. పరీక్షలో పేజీలు వరసగా, ఆగకుండా తీస్తారు. మన దగ్గర బస్టాండు షాపుకు వచ్చిన భక్తుడు ఒక పేజీ అడుగుతాడు, ఐదు నిమిషాలకు ఇంకొకరు ఇంకో పేజీ. ప్రతిసారీ రోలర్లు తిరగడం మొదలై, పేజీ తీసి, ఇంకొంచెం తిరిగి ఆగుతాయి. పొడి మిగిలి ఉండగానే రోలర్ చుట్ల లెక్క నిండిపోతుంది. పెట్టె మీద ఉన్న అంకె ఆ షాపులో ఎప్పటికీ రాదు.

ఇవి ప్రింటర్ చేసే ఖర్చులు. మనం తెలియక చేసేవి వేరే. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ ఫొటో చూడటానికి నలుపు తెలుపే, కానీ ఫోన్‌తో తీసింది కాబట్టి కాగితం లేత పసుపుగా ఉంటుంది. ప్రింటర్‌కు అది నిండు కలర్ పేజీ. సెట్టింగ్స్‌లో గ్రేస్కేల్, అందులోనూ నల్ల టోనర్ మాత్రమే వాడమనే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోవాలి. ప్రాజెక్టు రిపోర్టు చివర్లో వెబ్‌సైట్ అడ్రసులు నీలం రంగులో వదిలేస్తారు పిల్లలు. పేజీ లెక్కన డబ్బు కట్టే మిషన్లలో ఆ ఒక్క నీలం గీత కోసం పేజీ మొత్తం కలర్ రేటులో పడుతుంది. ప్రింట్‌కు ఇచ్చే ముందు అన్నీ నలుపు చేసేస్తే బైండింగ్ ఖర్చు అక్కడే మిగులుతుంది.

రీఫిల్ చేయించాలా వద్దా అనేది మీ డబ్బా తయారీ మీద ఆధారపడి ఉంటుంది. డ్రమ్ వేరుగా, పొడి డబ్బా వేరుగా ఉండే ప్రింటర్ అయితే రీఫిల్‌కు అవకాశం మెరుగు. పొడి డబ్బా దాదాపు ఉత్త డబ్బానే, చిప్ దొరికితే పని అవుతుంది. డ్రమ్, పొడి, వృథా పొడి అరా అన్నీ కలిసిన డబ్బా అయితే రెండోసారికి డ్రమ్ మీద గీతలు, రబ్బరు బ్లేడు అరుగుదల మొదలవుతాయి. బ్లాక్‌లో ఒక సన్నగీత వస్తే సర్దుకుంటాం. కలర్‌లో నాలుగు డబ్బాల్లో ఏది గీత వేస్తోందో కనిపెట్టడమే ఒక పూట పని. వృథా పొడి పూర్తిగా తీయకుండా పైన కొత్తది పోసే షాపుకు కలర్ డబ్బా అసలు ఇవ్వకండి. నా మాట అడిగితే, నెలకు వంద కలర్ పేజీలు కూడా తీయని ఇంట్లో రీఫిల్ తలనొప్పి దండగ.

ఒరిజినల్‌కు, రీఫిల్‌కు మధ్యలో కంపాటబుల్ అనేది ఒకటుంది. వేరే కంపెనీ కొత్తగా చేసిన డబ్బా, వాళ్లదే చిప్. ధర ఒరిజినల్‌లో చిన్న భాగం. బ్లాక్‌కు చాలావరకు బాగానే నడుస్తుంది. కలర్‌కు తీసుకుంటే నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేసారి తీసుకోవడం మంచిది, రెండు ఒరిజినల్ రెండు కంపాటబుల్ అని కలిపితే రంగు కుదరదు. ప్రింటర్ ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయడం కూడా మర్చిపోవద్దు. వారంటీ ఉన్నంతకాలం మాత్రం బయటి డబ్బా వేయకుండా ఆగండి, బయటి పొడి కారి ఫ్యూజర్ పాడైతే కంపెనీ బాధ్యత తీసుకోదు.

ఇంత ఖర్చయితే మరి షాపులో కలర్ పేజీ పదికో ఇరవైకో ఎలా ఇస్తున్నారు? వాళ్ల దగ్గరున్నది మీ ఇంటి ప్రింటర్ కాదు. ఎక్కువగా పెద్ద ఆఫీసుల్లో వాడి తీసేసిన కలర్ కాపీ మిషన్లు, రిపేరు చేసి అమ్మినవి. వాటిలో డ్రమ్ వేరు, పొడిని డ్రమ్ దగ్గరికి చేర్చే డెవలపర్ వేరు, టోనర్ అంటే ఉత్త పొడి నిండిన సీసా. ఒక సీసా ఇరవై వేల పేజీలకు పైగా వస్తుంది. మిషన్ ధరలో రాయితీ లేదు కాబట్టి పొడి ధరలో దాన్ని రాబట్టుకునే అవసరమూ తక్కువ. పేజీ నిండా ఫొటో అడిగితే రేటు పెంచుతారు, పెంచాలి కూడా. 5 శాతం లోగోకు, నిండు ఫొటోకు ఒకే రేటు తీసుకునే షాపు ఒక కస్టమర్ దగ్గర వచ్చిన లాభాన్ని ఇంకో కస్టమర్‌కు పంచిపెడుతోంది.

ఇంటికి, చిన్న ఆఫీసుకు ఇంకో దారి ఇంక్ ట్యాంక్. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అక్కడ జనం మామూలు ఇంక్‌జెట్లకు బయట ట్యాంకులు తగిలించి వాడుతుంటే కంపెనీయే ఆ పని చేసింది. ప్రింటర్ ధర పూర్తిగా ముందే తీసుకుని, ఇంకు సీసాల్లో చవగ్గా అమ్ముతుంది. కలర్ పేజీ ఖర్చు లేజర్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. లోపాలు లేకపోలేదు. వారాల తరబడి వాడకపోతే ఇంకు చల్లే హెడ్డులో ఇంకు ఎండిపోతుంది, శుభ్రం చేయడానికి మళ్లీ ఇంకే ఖర్చవుతుంది. మామూలు కాగితం మీద డై ఇంకు, అంటే నీళ్లలో కరిగే రంగు ఇంకు, తడిస్తే కారిపోతుంది. దర్శనం క్యూలో గంటల తరబడి చెమట చేతుల్లో నలిగే కాగితమైతే బ్లాక్ లేజరే మేలు.

అందుకే ఇంటికి ప్రింటర్ కొంటామని అడిగేవాళ్లకు నేను బ్లాక్ లేజర్ చెబుతాను, నెలకు నాలుగు కలర్ పేజీలకు షాపు ఉండనే ఉంది. పిల్లల స్కూలు బొమ్మలు, చార్టులు రోజూ ఉండే ఇల్లయితే ఇంక్ ట్యాంక్. చిన్న కలర్ లేజర్ కొనదగ్గది లెటర్‌హెడ్లు, బిల్లులు, గ్రాఫులు తీసే ఆఫీసుకు, అదీ ప్రింటర్ రేటు అడిగే ముందు నాలుగు డబ్బాల రేటు, వాటి పేజీలు, డ్రమ్ వేరుగా ఉందా లేదా అడిగి తెలుసుకున్నాక. ఇప్పటికే కొనేసి ఉంటే ఒక పని చేయండి. చాలా మోడళ్ల సెట్టింగ్స్‌లో టోనర్ బాగా తగ్గినా ఆపకుండా కొనసాగించమనే ఆప్షన్ ఉంటుంది. కలర్ అయిపోతే నలుపుతో మాత్రమే నడవమనేది కూడా కొన్నిటిలో ఉంటుంది. ఆ రెండూ ఆన్ చేసి పెట్టుకోండి. మెసేజ్ వచ్చిన రోజునే డబ్బా మార్చేయకుండా ప్రింట్ నిజంగా వెలిసేదాకా వాడండి.

రీఫిల్ ఇంట్లోనే చేద్దామనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఫ్యాన్ కింద చేయకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. పొడి చిందితే ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు, అంత సన్నటి పొడి దాని ఫిల్టర్‌లోంచి మళ్లీ గాల్లోకి వస్తుంది. తడిగుడ్డతో తుడవండి. బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతోనే కడగండి. వేడినీళ్లు పోస్తే ఆ ప్లాస్టిక్ పొడి మెత్తబడి బట్టకు పట్టేస్తుంది, ఇక వదలదు.